బీపీకి నీళ్ళ బిళ్ళ: ఏది, ఎవరికి, ఏ రోజున వద్దు

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ. దక్షిణ ఒడిశాలోని ఈ ఊళ్ళలో ఏ మందుల షాపు దగ్గర నిలబడినా, బీపీ చీటీ పట్టుకొచ్చిన మన తెలుగువాళ్ళలో ఒక భయం కనిపిస్తుంది. నీళ్ళ బిళ్ళ, అంటే ఒంట్లోని ఉప్పునీ నీటినీ మూత్రంలో పంపేసే మందు, వేసుకుంటే కిడ్నీలు పోతాయని. భయం ఊరికే పుట్టలేదు. ఇచ్ఛాపురం దాటితే కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ శ్రీకాకుళం జిల్లా ఉద్దానమే. కవిటి, సోంపేట, కంచిలి, మందస వైపు చుట్టరికాలున్న ప్రతివాళ్ళకీ డయాలసిస్ మీదున్న మేనమామో, వియ్యంకుడో ఉంటారు. ఆ జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. తాగునీరు, ఎండలో ఒళ్ళు ఎండిపోవడం, పురుగుమందులు, నొప్పి బిళ్ళలు, ఇలా అనుమానాలు చాలావైపులకి పోతున్నాయి. ఈ గొడవలో బీపీ చీటీలో ఉన్న నీళ్ళ బిళ్ళ మీదా నింద పడింది.

నా మాట ముందే చెప్పేస్తాను. అదుపులో లేని బీపీ కిడ్నీలని తినేస్తుంది. నీళ్ళ బిళ్ళ సరైన మోతాదులో, సరైన మనిషికి ఇస్తే ఆ నష్టాన్ని ఆపే మందుల్లో ఒకటి. అదే బిళ్ళని విరేచనాలు పట్టిన రోజునో, నొప్పి బిళ్ళలతో కలిపో వేసుకుంటే మాత్రం కిడ్నీకి దెబ్బే. కాబట్టి ఏ రకం బిళ్ళ, ఎవరికి, ఏ రోజున ఆపాలి అన్నది తెలుసుకుంటే చాలావరకు భయం తీరుతుంది. ఇది డాక్టరు చీటీకి బదులు కాదు. డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఏం అడగాలో తెలియడానికి.

మూడు జాతులు

కిడ్నీలు రోజుకి సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, దాదాపు అంతా ఉప్పుతో సహా మళ్ళీ రక్తంలోకి లాక్కుంటాయి. ఆ లాక్కునే దారిలో ఒక్కో బిళ్ళ ఒక్కోచోట అడ్డం పడుతుంది. ఉప్పు బయటికి పోతుంది, దాని వెంట నీరు పోతుంది.

మొదటిది థయాజైడ్ జాతి. హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్థాలిడోన్, ఇండపమైడ్ ఇందులోవి. ఇవి నెమ్మదైన మందులు, రోజూ వేసుకునే బీపీ మందులు. మొదటి రెండు మూడు వారాలు మూత్రం ఎక్కువ వస్తుంది, తరవాత మామూలైపోతుంది. అప్పుడు చాలామంది ‘మందు పనిచెయ్యడం మానేసింది’ అనుకుని ఆపేస్తారు. అది పొరపాటు. ఆ దశలో రక్తనాళాలు సడలి, బీపీ తగ్గడం అలాగే కొనసాగుతుంది. మూత్రం ఎంత వచ్చిందన్నది దీనికి కొలత కాదు, బీపీ మిషనే కొలత.

రెండోది ఫ్యూరోసెమైడ్, టోర్సెమైడ్ జాతి. లాసిక్స్, డైటర్ అనే పేర్లతో అందరికీ తెలిసినవి. జోరుగా పనిచేస్తాయి. గుండె బలహీనపడి ఒంటికి నీరు పట్టినప్పుడు, కిడ్నీలు బాగా తగ్గినప్పుడు, లివరు జబ్బులో కాళ్ళు వాచినప్పుడు వీటికి సాటి లేదు. ఉత్త బీపీకి మాత్రం ఇవి మొదటి ఎంపిక కావు. లాసిక్స్ పని సుమారు ఆరు గంటల్లో అయిపోతుంది. మిగతా రోజంతా కిడ్నీ ఆ పోయిన ఉప్పుని మళ్ళీ దాచుకుంటుంది. టోర్సెమైడ్ కొంచెం ఎక్కువసేపు నిలుస్తుంది.

మూడోది స్పైరనోలాక్టోన్, ఆల్డాక్టోన్ పేరుతో దొరికేది. పై రెండు జాతులూ పొటాషియాన్ని పోగొడితే ఇది పొటాషియాన్ని పట్టి ఉంచుతుంది. మూడు మందులు పూర్తి మోతాదులో వాడినా బీపీ దిగని మొండి కేసుల్లో నాలుగో మందుగా దీనికి మంచి పేరుంది. 2015లో వచ్చిన పాత్‌వే-2 అధ్యయనంలో నాలుగో మందుగా ఇదే మిగతావాటికంటే మెరుగ్గా నిలిచింది. కొందరు మగవాళ్ళలో రొమ్ము వాపు, నొప్పి వస్తాయి. సిగ్గుపడి చెప్పకుండా మందు మానేసేవాళ్ళున్నారు. చెబితే డాక్టరు మార్చి ఇస్తారు.

కాళ్ళ వాపు చూసి లాసిక్స్ అడగొద్దు

ఇది మన వైపు చాలా మామూలుగా జరిగే విషయం కాబట్టి విడిగా చెబుతున్నాను. బీపీకి మొదట అమ్లోడిపిన్ ఇస్తారు. మంచి మందే. అయితే కొందరికి, ముఖ్యంగా 10 మి.గ్రా. మోతాదులో, సాయంత్రానికి చీలమండల దగ్గర వాపు వస్తుంది. పేషెంటు వెళ్ళి ‘కాళ్ళు వాస్తున్నాయి’ అంటే, పక్కవీధి ఆర్‌ఎంపీ లాసిక్స్ కలుపుతారు. ఆ వాపు ఒంట్లో నీరు ఎక్కువై వచ్చినది కాదు. చిన్న రక్తనాళాల్లోంచి ద్రవం కండలోకి ఊరడం వల్ల వచ్చినది. లాసిక్స్ దాన్ని పెద్దగా తగ్గించదు, పైగా పొటాషియం తగ్గి పిక్కలు పట్టేయడం మొదలవుతుంది. దానికి మళ్ళీ ఇంకో బిళ్ళ. అసలు చెయ్యాల్సింది అమ్లోడిపిన్ మోతాదు తగ్గించడం, లేదా టెల్మిసార్టన్ లాంటి ఇంకో రకం బీపీ మందు జతచెయ్యడం. వాపు ఒక కాలికే వచ్చినా, ఆయాసంతో వచ్చినా, ముఖం కూడా ఉబ్బినా అది వేరే కథ. ఆలస్యం చెయ్యకుండా చూపించాలి.

థయాజైడ్లలో ఏది?

అసలు పోలిక ఇక్కడే. హైడ్రోక్లోరోథయాజైడ్ 1959 నుంచి వాడుకలో ఉన్న పాత మందు. టెల్మా-హెచ్ లాంటి జంట బిళ్ళల్లో ఉండే ఆ ‘హెచ్’ ఇదే, సాధారణంగా 12.5 మి.గ్రా. క్లోర్థాలిడోన్ దానికి దూరపు చుట్టం. మి.గ్రా.కి మి.గ్రా. పోల్చితే బలమైనది, ఒంట్లో రెండు రోజులదాకా నిలుస్తుంది. ఒక పూట మర్చిపోయినా బీపీ ఎగిరిపడదు, రాత్రి బీపీని కూడా పట్టి ఉంచుతుంది.

చాలాకాలం పాటు నిపుణులు క్లోర్థాలిడోన్ వైపే మొగ్గారు. కారణం, పెద్ద అధ్యయనాల్లో వాడింది అదే. 1991లో వెలువడిన షెప్ అధ్యయనంలో, 60 దాటి పై అంకె మాత్రమే ఎక్కువున్న పెద్దవాళ్ళకి దీనితో మొదలుపెట్టిన చికిత్స పక్షవాతాన్ని మూడో వంతుకి పైగా తగ్గించింది. 2002లో వచ్చిన ఆల్‌హాట్ 33 వేలమందికి పైగా మనుషుల్లో దీన్ని అమ్లోడిపిన్‌తో, లిసినోప్రిల్ అనే ఇంకో బీపీ మందుతో పోల్చింది. గుండెపోటు విషయంలో మూడూ సమానంగా తేలాయి. గుండె బలహీనపడి నీరు చేరడం మాత్రం క్లోర్థాలిడోన్ వాడినవాళ్ళలో తక్కువ.

తరవాత 2022లో అమెరికాలో 65 దాటిన 13,500 మందికి పైగా మాజీ సైనికుల మీద ఈ రెండు మందులనే నేరుగా ఎదురెదురు నిలబెట్టారు. గుండెపోటు, పక్షవాతం లాంటివాటిలో తేడా కనపడలేదు. పొటాషియం తగ్గడం మాత్రం క్లోర్థాలిడోన్ వాళ్ళలో ఎక్కువ.

దీన్నిబట్టి నాకు అనిపించేది ఇది. టెల్మా-హెచ్ లాంటి బిళ్ళతో బీపీ 130-80 దగ్గర నిలకడగా ఉన్నవాళ్ళు ఎవరో చెప్పారని క్లోర్థాలిడోన్‌కి మారాల్సిన పని లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళలో, పట్నంలో ఉండి మూడు నాలుగు నెలలకోసారి రక్తపరీక్ష చేయించుకోగలిగినవాళ్ళకి క్లోర్థాలిడోన్ 12.5 మంచి ఎంపిక. గుణుపురం కొండల వెనకో, మోహన వైపో ఉండి పరీక్షకి ఒక రోజు కూలి పోగొట్టుకోవాల్సినవాళ్ళకి హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5, అదీ టెల్మిసార్టన్‌తో కలిపి ఉన్నది, నిదానమైన దారి. టెల్మిసార్టన్ పొటాషియాన్ని కాస్త నిలుపుతుంది కాబట్టి ఒకటి లాగితే ఇంకొకటి పట్టుకుంటుంది. అలాగని పరీక్షలు అసలే వద్దని కాదు.

కిడ్నీ పనితీరు బాగా తగ్గినవాళ్ళ లెక్క వేరు. రక్తపరీక్షలో వచ్చే క్రియాటినిన్ నుంచి లెక్కగట్టే కిడ్నీ పనితీరు అంకె ఈజీఎఫ్‌ఆర్. అది 30 కంటే దిగితే హైడ్రోక్లోరోథయాజైడ్ పెద్దగా పనిచెయ్యదు. ఒకప్పుడు థయాజైడ్లన్నీ అంతేననుకునేవారు. 2021లో వచ్చిన క్లిక్ అధ్యయనం, నాలుగో దశ కిడ్నీ జబ్బులో కూడా క్లోర్థాలిడోన్ బీపీని బాగా దించుతుందని చూపింది. ఉద్దానం చుట్టరికాలున్న మనకి ఇది పనికొచ్చే సంగతే. కానీ అదే అధ్యయనంలో క్రియాటినిన్ పెరగడం, తల తిరగడం లాంటివీ ఎక్కువగా కనిపించాయి, ముఖ్యంగా అప్పటికే లాసిక్స్ జాతి మందు వాడుతున్నవాళ్ళలో. కిడ్నీ డాక్టరు చేతుల్లో తప్ప దీన్ని మొదలుపెట్టకూడదు.

ఇండపమైడ్ (నాట్రిలిక్స్ ఎస్ఆర్ 1.5 లాంటివి) గురించి తక్కువే చెబుతాను. 80 దాటినవాళ్ళకి బీపీ మందు ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్నకి 2008లో హైవెట్ అధ్యయనం జవాబిచ్చింది, అందులో మొదటి మందు ఇదే. మరణాలు, గుండె వైఫల్యం తగ్గాయి. షుగరు ఉన్నవాళ్ళకి డాక్టర్లు దీన్ని ఇష్టపడుతుంటారు. సోడియం పడిపోయే ముప్పు మాత్రం దీనికీ ఉంది.

మోతాదు గురించి ఒక్క మాట. థయాజైడ్ల మేలు చాలావరకు చిన్న మోతాదులోనే వచ్చేస్తుంది. 25 మి.గ్రా. దాటాక బీపీ ఇంకా దిగేది కొంచెమే, ఇబ్బందులు పెరిగేది ఎక్కువ. ‘పెద్ద పవరు’ బిళ్ళ అడిగి తీసుకోవడంలో లాభం లేదు.

అమ్లోడిపినా, టెల్మిసార్టనా, నీళ్ళ బిళ్ళా?

మొదటి మందుగా మూడింటిలో ఏదైనా సరే. వయసు మీరినవాళ్ళు, ఉప్పు ఎక్కువ తినేవాళ్ళు, గుండె బలహీనమైనవాళ్ళు నీళ్ళ బిళ్ళకి బాగా లొంగుతారు. యూరిక్ యాసిడ్ ఎక్కువై బొటనవేలు వాచిన చరిత్ర ఉన్నవాళ్ళు థయాజైడ్‌కి దూరంగా ఉండటం మేలు. దానితో గౌటు మళ్ళీ రేగుతుంది. వాళ్ళకి లోసార్టన్ మంచిది, అది యూరిక్ యాసిడ్‌ని కొంచెం దించుతుంది కూడా. షుగరు ఉండి మూత్రంలో ప్రోటీన్ పోతున్నవాళ్ళకి టెల్మిసార్టన్ జాతి ముందు, నీళ్ళ బిళ్ళ తరవాత. గర్భిణికి, గర్భం కోసం చూస్తున్నవాళ్ళకి టెల్మిసార్టన్ అసలు పనికిరాదు, నీళ్ళ బిళ్ళా మామూలుగా ఇవ్వరు. లాబెటలాల్, మిథైల్‌డోపా, నిఫెడిపిన్ లాంటివి ఇస్తారు.

మానసిక జబ్బుకి లిథియం వాడుతున్నవాళ్ళు, గుండెకి డిగాక్సిన్ వాడుతున్నవాళ్ళు, సల్ఫా మందు పడనివాళ్ళు ఈ మాట డాక్టరుకి ముందే చెప్పి తీరాలి. లిథియం థయాజైడ్‌తో కలిసి ఒంట్లో విషంలా పేరుకుంటుంది.

వేసుకునే వేళ, పని

మామూలుగా పొద్దున్న టిఫిను తరవాత. రాత్రి వేసుకుంటే నిద్ర చెడుతుంది, చీకట్లో లేచి పడిపోయి తుంటి విరగ్గొట్టుకున్న ముసలివాళ్ళు ఎక్కడైనా ఉంటారు. కానీ గోపాల్‌పూర్ వైపు తెల్లారకముందే పడవ ఎక్కే మన జాలరి కుటుంబాలకి ‘పొద్దున్నే’ అన్న మాట కుదరదు. వేట నుంచి వచ్చి తిన్నాక వేసుకున్నా ఫరవాలేదు, రోజూ దాదాపు అదే వేళయితే చాలు. బరంపురం నుంచి విశాఖకి రైల్లో వెళ్ళే రోజున బాత్‌రూమ్ భయంతో బిళ్ళ మానేసే ఆడవాళ్ళు చాలామంది. మానకండి, ఊరు చేరాక మధ్యాహ్నం వేసుకోండి. థయాజైడ్ అలవాటైన తరవాత ఆ భయం అవసరమే లేదు.

ఎండాకాలం, పఖాళ, కొబ్బరినీళ్ళు

మే నెలలో జీడితోటలోనో, ఇటుకబట్టీ దగ్గరో, రోడ్డు పనిలోనో రోజంతా చెమటోడ్చేవాళ్ళకి నీళ్ళ బిళ్ళ మీద డాక్టరుతో మళ్ళీ మాట్లాడాలి. ఒంట్లో నీరు ముందే తగ్గి ఉంటే బిళ్ళ ఇంకా లాగేస్తుంది. నిలబడగానే కళ్ళు తిరగడం, మూత్రం చిక్కటి పసుపు రంగులో కొద్దిగా రావడం, పిక్కలు పట్టేయడం గుర్తులు. చాలామంది డాక్టర్లు ఎండాకాలానికి మోతాదు తగ్గిస్తారు, లేదా అమ్లోడిపిన్‌కి మారుస్తారు.

వాంతులు, విరేచనాలు, గట్టి జ్వరం వచ్చి తిండీ నీరూ నిలవని రోజుల్లో నీళ్ళ బిళ్ళా, టెల్మిసార్టన్ జాతి బిళ్ళా ఆపమని ఎక్కువమంది డాక్టర్లు చెబుతారు. ఒకటి రెండు రోజులు, మామూలుగా తినడం తాగడం మొదలయ్యేదాకా. ఈ మాట జబ్బు పడ్డాక కాదు, ముందే అడిగి రాయించుకోండి. బీపీ ఉందని ఓఆర్‌ఎస్ మానొద్దు, ఆ రోజున అది కావాలి. అమ్లోడిపిన్ని ఆపాలో వద్దో ఆ రోజు బీపీ చూసి డాక్టరు చెబుతారు. మూడు మందులూ ఒకే బిళ్ళలో ఉన్న రకం వాడేవాళ్ళకి ఇక్కడే చిక్కు, ఒకటి ఆపాలంటే అన్నీ ఆగుతాయి. అందుకని ఎండలో పనిచేసేవాళ్ళకి మొదటి ఆరునెలలు విడి బిళ్ళలే నయం అంటాను నేను.

అన్నిటికంటే పెద్ద ముప్పు నొప్పి బిళ్ళలు. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్, అసిక్లోఫెనాక్, ఏదైనా. నీళ్ళ బిళ్ళ, టెల్మిసార్టన్, నొప్పి బిళ్ళ మూడూ కలిస్తే కిడ్నీకి రక్తం అందే దారి మూడువైపుల నుంచి నొక్కుకుపోతుంది. కోతల రోజుల్లో నడుంనొప్పికి కిరాణా కొట్లో అమ్మే విడిబిళ్ళల్లో తరచూ ఇవే ఉంటాయి. బీపీని కూడా ఇవే పెంచుతాయి. నొప్పికి పారాసిటమాల్ చాలు. చాలకపోతే డాక్టరుని అడగాలి.

తిండి సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే ఒక చిన్న చెంచా. ఉప్పు వేసిన పఖాళ (నీళ్ళలో నానిన చద్దన్నం), పక్కన ఎండుచేప, పైన ఆవకాయ ముక్క, ఒక అప్పడం. ఒక్క పూటకే హద్దు దాటిపోతుంది. ఉప్పు ఎక్కువ తింటూ నీళ్ళ బిళ్ళ వేసుకుంటే మందు సగం పని వృథా, పొటాషియం ఇంకా ఎక్కువ పోతుంది. చద్దన్నం తినండి, ఉప్పు తగ్గించి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పెరుగుతో.

దీనికి రెండో పక్కా ఉంది. ఉప్పు పూర్తిగా మానేసి, ఎండకని కుండెడు నీళ్ళు తాగుతూ, తిండి సరిగా తినని ముసలమ్మకి థయాజైడ్ ఇస్తే రక్తంలో సోడియం పడిపోతుంది. మొదటి కొన్ని వారాల్లోనే ఎక్కువ జరుగుతుంది. మాట తడబడటం, మత్తుగా ఉండటం, ఎవరినీ గుర్తుపట్టకపోవడం మొదలైతే ‘గాలి సోకింది’ అని కూర్చోవద్దు. ఆ రోజే రక్తం పరీక్ష చేయించాలి.

కొబ్బరినీళ్ళు, అరటిపండు థయాజైడ్ వాడేవాళ్ళకి మంచివే, పోయిన పొటాషియం కొంత తిరిగొస్తుంది. స్పైరనోలాక్టోన్, టెల్మిసార్టన్ కలిపి వాడేవాళ్ళకీ, కిడ్నీ తగ్గినవాళ్ళకీ అవే కొబ్బరినీళ్ళు ప్రమాదం. తోట మనదే అయినా సరే. ‘బీపీ ఉప్పు’, ‘లో సోడియం ఉప్పు’ అని అమ్మేవాటిలో సోడియం బదులు పొటాషియం ఉంటుంది, వాళ్ళు అవీ వాడకూడదు.

పరీక్షలు

మొదలుపెట్టే ముందు సోడియం, పొటాషియం, క్రియాటినిన్ ఒకసారి. రెండు నుంచి నాలుగు వారాలకి మళ్ళీ. అన్నీ సరిగా ఉంటే తరవాత ఆరు నెలలకో, ఏడాదికో. మోతాదు మార్చినప్పుడల్లా ఇంకోసారి. సోడియం 135-145, పొటాషియం 3.5-5.0 మధ్య ఉంటే మామూలు. షుగరు, యూరిక్ యాసిడ్ ఏడాదికోసారి. ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రుల్లో నిరామయ పథకం కింద మందులు ఉచితం. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రికి నెలకోసారి వెళ్ళే అలవాటున్నవాళ్ళు మందుతోపాటు పరీక్షనీ అడగాలి. అడగకపోతే పాత చీటీ మీదే మళ్ళీ మందు రాసేసే రద్దీ అది.

రెండు రాష్ట్రాల చీటీలు

హద్దు మీద బతికే మనకే ఉన్న చిక్కు ఇది. బీపీకి బరంపురంలో ఒక డాక్టరు, మోకాళ్ళకి శ్రీకాకుళంలో ఇంకొకరు, గుండె ఈసీజీకి విశాఖలో మరొకరు. ఒకరి చీటీ ఇంకొకరు చూడరు. బరంపురం డాక్టరు రాసిన టెల్మా-హెచ్‌లో ఒక థయాజైడ్ ఉంది. విశాఖలో వేరే పేరుతో క్లోర్థాలిడోన్ రాస్తే అది రెండో థయాజైడ్. రెండూ వేసుకున్న మనిషికి నెల తిరక్కుండా పొటాషియం పడిపోతుంది. అలాగే డైటర్ ప్లస్, లాసిలాక్టోన్ పేర్లలో స్పైరనోలాక్టోన్ దాగి ఉంటుంది, ఆల్డాక్టోన్ విడిగా వాడేవాళ్ళకి రెట్టింపు మోతాదు అవుతుంది.

పేరు చివర ‘హెచ్’ ఉంటే చాలావరకు హైడ్రోక్లోరోథయాజైడ్, ‘సీటీ’ ఉంటే చాలావరకు క్లోర్థాలిడోన్, ‘ఏఎం’ అంటే అమ్లోడిపిన్. నమ్మకంగా తెలియాలంటే స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరే చూడాలి, ముందువైపు పెద్ద పేరు కాదు. బిళ్ళలు కత్తిరించి ఇచ్చే షాపులో మందు పేరు, మి.గ్రా., గడువు తేదీ ఉన్న ముక్క కూడా ఇమ్మని అడగండి. ‘అదే మందు, కంపెనీ వేరు’ అని షాపువాళ్ళు మార్చి ఇస్తే తప్పు లేదు, లోపలి మందు పేరూ మి.గ్రా.లూ ఒకటే అయితే. ‘హెచ్’ బదులు ‘సీటీ’ ఇస్తే అది కంపెనీ మార్పు కాదు, మందు మార్పు. డాక్టరుకి ఫోను చేసి అడగాల్సిందే.

ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా వాడుతున్న స్ట్రిప్పులన్నీ ఒక కవరులో వేసుకెళ్ళి బల్ల మీద పెట్టండి. ఆ కవరులో నొప్పి బిళ్ళలు, ఆయుర్వేదం చూర్ణాలు, కిరాణా కొట్టు విడిబిళ్ళలు కూడా ఉండాలి.